కప్పు లేని భవంతికి టిక్కెట్టు: వూస్టర్‌షైర్‌లోని విట్లీ కోర్ట్

ఇంగ్లండులో పాత ప్రభువుల భవంతులు చూడబోయినవారికి ఎక్కువగా ఎదురయ్యేది ఒకే తరహా దృశ్యం. తాడు కట్టిన గదులు, ముట్టుకోవద్దన్న పలకలు, ఎవరూ కూర్చోని భోజనపు బల్ల మీద వరుసగా పేర్చిన వెండి పళ్లాలు, గోడ నిండా పూర్వికుల తైలవర్ణ చిత్రాలు కనిపిస్తాయి. అలాంటివి ఆరేడు చూశాక ఏ గది ఏ ఇంట్లో చూశామో గుర్తుండదు. వూస్టర్ నగరానికి వాయవ్యంగా దాదాపు పది మైళ్ల దూరంలో, గ్రేట్ విట్లీ అనే పల్లె పక్కన ఉన్న విట్లీ కోర్ట్‌లో ఇవేవీ లేవు. కప్పు లేదు, మేడలకు నేల లేదు, కిటికీలకు రెక్కలు లేవు, నడిమి హాలులో నిలబడి తల ఎత్తితే ఆకాశం కనిపిస్తుంది. అయినా ఈ శిథిల భవనానికి రెండుసార్లు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాను. డబ్బు దండగ అయిందని రెండుసార్లూ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో, ఎవరికి అనిపించవచ్చో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు పేరు సంగతి. "కోర్ట్" అని ఉన్నంత మాత్రాన ఇది న్యాయస్థానం కాదు. ఆ దేశంలో పెద్ద భూస్వాముల నివాసాలకు హాల్, హౌస్, పార్క్, కోర్ట్ వంటి పేర్లు ఉంటాయి. మన మాటల్లో దివాణం అనుకోవచ్చు. తెలంగాణవారికి గడి అంటే ఇంకా త్వరగా తెలుస్తుంది. ప్రస్తుతం దీని నిర్వహణ ఇంగ్లీష్ హెరిటేజ్ అనే సంస్థది. ఆ సంస్థ సభ్యులకు ప్రవేశం ఉచితం, తక్కినవారు టిక్కెట్టు కొనాలి. కాలాన్ని బట్టి ధరలూ వేళలూ మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు చూసుకోవడం మంచిది. చలికాలంలో తెరిచి ఉంచే రోజులు తగ్గుతాయి, ఫౌంటెన్ కూడా నడవదు. ఫౌంటెన్ లేని విట్లీ కోర్ట్ సగం విట్లీ కోర్టే కాబట్టి ఏప్రిల్ దాటాక వెళ్లమని నా సలహా.

మొదటిసారి అక్టోబరు వానలో నేనూ మా ఆవిడా వెళ్లాము. రెండోసారి మే నెలలో, తెనాలి నుంచి వచ్చి బర్మింగ్‌హామ్‌లో మా దగ్గర ఉన్న మా అమ్మను తీసుకుని వెళ్లాను. కారు లేనివారికి ఈ ప్రయాణం తేలిక కాదని ముందే చెప్పాలి. బర్మింగ్‌హామ్ నుంచి వూస్టర్‌కు రైలు సుఖంగానే ఉంటుంది. చిక్కంతా ఆ తరువాతి పది మైళ్లలో ఉంది. మేము మాట్లాడుకున్న టాక్సీవాడు తిరుగు ప్రయాణానికి చెప్పిన వేళకు రాక, మరో ముప్పావుగంట మమ్మల్ని రోడ్డు పక్కన నిలబెట్టాడు. తోడుకు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కారు ఏర్పాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

టిక్కెట్టు తీసుకున్న చోటు నుంచి భవనం కనిపించదు. చెట్ల మధ్యగా, చెరువు గట్టు వెంబడి కొంత దూరం నడవాలి. కాళ్ల నొప్పులున్న మా అమ్మ రెండు చోట్ల ఆగవలసి వచ్చింది. అయితే ఈ నడక వల్ల ఒక లాభం ఉంది. నీళ్లు పక్కకు తప్పుకోగానే, గడ్డి మైదానం అవతల భవనం ఉత్తర ముఖం ఒక్కసారిగా మొత్తం కనబడుతుంది. అంత దూరం నుంచి చూస్తే శిథిలమని తెలియదు. ఎత్తైన స్తంభాల ముఖమంటపం, ఇరువైపులా బురుజులు, కిటికీల బారులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. దగ్గరికి వెళ్లే కొద్దీ కిటికీలలోంచి అవతలి వైపు ఆకాశం తెలుస్తుంది. మా అమ్మ అక్కడే ఆగి, "లోపలేం లేదేమిట్రా?" అంది.

లోపల ఏమీ లేకపోవడం వల్లనే ఈ ఇల్లు ఎలా పెరిగిందో ఇక్కడ కళ్లారా చూడవచ్చు. కప్పూ గిలాబూ ఉన్న భవంతిలో మార్గదర్శి చెప్పినది నమ్మడం తప్ప మనం చేయగలిగింది లేదు. ఇక్కడ గోడలే విప్పి చూపిస్తాయి. బయటి రాతి పలక ఊడిన చోట ఇటుక బయటపడింది, ఆ ఇటుక కూడా అన్నిచోట్లా ఒకే కాలానిది కాదు. పదిహేడో శతాబ్దం మొదట్లో రస్సెల్ వంశంవారు కట్టుకున్న ఇటుక ఇల్లు దీనికి మూలం. 1655లో దాన్ని థామస్ ఫోలీ కొన్నాడు. ఇనుము వ్యాపారంలో గడించిన కుటుంబం వారిది. థామస్ తండ్రి రిచర్డ్ ఫోలీ గురించి ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. ఇనుప పలకను మేకులు చేసే కడ్డీలుగా చీల్చే యంత్రం రహస్యం తెలుసుకోవడానికి ఆయన ఫిడేలు వాయించే బిచ్చగాడి వేషంలో స్వీడన్ వెళ్లి, అక్కడి కార్మికులకు పాటలు వినిపిస్తూ యంత్రాన్ని కంటితో కొలుచుకుని వచ్చాడట. ఎంతవరకు నిజమో గాని, మేకుల వ్యాపారం ఇంత ఇల్లు కట్టించిందన్నది మాత్రం కథ కాదు. ఉత్తర ముఖాన మనకు కనిపించే రెండు బురుజులు ఫోలీల కాలంలో చేర్చినవి.

ఆ బురుజుల మధ్య ఉన్న ముఖమంటపం 1805 ప్రాంతంలో వచ్చింది. మూడో లార్డ్ ఫోలీ దాని కోసం జాన్ నాష్‌ను పిలిపించాడు. తరువాతి కాలంలో బ్రైటన్‌లోని రాజు విలాస మందిరాన్నీ, లండన్‌లోని బకింగ్‌హామ్ భవనాన్నీ తీర్చిదిద్దిన వాస్తుశిల్పి ఆయనే. ఉత్తరాన ఒకటి, దక్షిణాన అంతకంటే పెద్దది మరొకటి, పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగిన తలకట్లతో అయోనిక్ పద్ధతి స్తంభాల మంటపాలు నాష్ కట్టించాడు. ఇంగ్లండులోని ఏ గ్రామీణ భవంతికీ దక్షిణ మంటపమంత పెద్దది లేదని చెబుతారు. హైదరాబాదు కోఠీలోని పాత రెసిడెన్సీ భవనం ఎదుట నిలబడి మెడ నొప్పి పుట్టేలా స్తంభాలను చూసినవారికి ఈ ధోరణి తెలిసినదే. అదీ సరిగ్గా ఆ కాలపు కట్టడమే. ఇంటివారి అంతస్తు గడప దగ్గరే తెలియాలన్నది రెండుచోట్లా ఉన్న ఉద్దేశం.

ఇంత హంగు చేసిన ఫోలీలకు పాత తరాల జూదపు అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 1837లో ఎస్టేటు మొత్తాన్ని 8,90,000 పౌండ్లకు అమ్ముకున్నారు. కొన్నది విలియం వార్డ్ అనే యువకుడి తరఫున అతని ఆస్తిని చూస్తున్న ధర్మకర్తలు. ఆ యువకుడికే 1860లో డడ్లీ ఎర్ల్ అనే ప్రభు బిరుదు వచ్చింది. బర్మింగ్‌హామ్‌కు పడమట బొగ్గు పొగతో నల్లబడి "బ్లాక్ కంట్రీ" అని పేరు పడ్డ నేలలో అతనికి బొగ్గు గనులు, ఇనుప కొలుములు ఉండేవి. ఇల్లు చేతికి వచ్చినా వెంటనే అందులో కాపురం పెట్టలేదు. 1843 నుంచి 1846 వరకు నాలుగో విలియం రాజు భార్య, అప్పటికి వితంతువైన అడిలైడ్ రాణి అద్దెకు ఉంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి పేరు ఆవిడదే. 1850లలో వార్డ్ శామ్యూల్ డాక్స్ అనే వాస్తుశిల్పి చేత ఇల్లంతా ఇటలీ రాజమందిరాల పోలికలో మార్పించాడు. అప్పటిదాకా ఉన్న ఇటుక గోడలకు బాత్ ప్రాంతపు తేనెరంగు రాతిని తొడిగారు. అంటే ఇప్పుడు మనం చూస్తున్నది మూడు పొరల ఇల్లు: అడుగున రస్సెల్ ఇటుక, దానికి అతికిన నాష్ మంటపాలు, అన్నిటి మీదా డాక్స్ రాతి తొడుగు. పడమటి వైపున వంపు తిరిగి సాగే ఒక భాగం చివర వేడి దేశాల మొక్కలు పెంచడానికి అద్దాల మందిరం కట్టించారు. అద్దాలన్నీ పోయి ఇప్పుడు తోరణాల వరుస మాత్రమే మిగిలింది. భవనం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన మూల అదే. జనం అటు తక్కువ వెళ్తారు.

గదుల్లో తిరుగుతూ ఉంటే కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది. అంతస్తుల నేల కూలిపోయినా, పై గదుల పొయ్యిగూళ్లు గోడకు అంటిపెట్టుకుని అంత ఎత్తున ఎవరికీ అందకుండా వేలాడుతున్నాయి. ఒక పొయ్యిగూడు మీద మరొకటి, వాటిని కలుపుతూ గోడ మందంలోంచి సాగిన పొగగొట్టాల దారి స్పష్టంగా కనిపిస్తుంది. దూలాలు దూర్చిన గుంటలు, ఇనుప దూలాల మొండి కొసలు, చెక్క పలకలు బిగించిన మేకుల జాడలు, గిలాబు చేసిన గోడ మీద అక్కడక్కడ మిగిలిన అచ్చుపోత పూలతీగ ముక్క, ఇవన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. యజమానుల గదులకు దీటైన మరో లోకం నేలమాళిగల్లో ఉండేదని కూడా ఇక్కడే అర్థమవుతుంది. మామూలు భవంతులలో నౌకర్ల మెట్లు తలుపు చాటున ఉంటాయి, చూపరుల కంట పడవు. ఇక్కడ తలుపులు లేవు కాబట్టి దొరగారి మెట్ల హాలూ, బొగ్గు మోసినవారి ఇరుకు దారీ ఒకేసారి కనిపిస్తాయి.

మా అమ్మ అడిగిన రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాత్రం నాకు చాలాసేపు పట్టింది. ఈ ఇల్లు నిప్పంటుకుని కాలిపోయిందని నేను చెప్పగానే, "ఇంత ఉన్నవాళ్లు కాలిపోతే మళ్లీ కట్టుకోలేదేం?" అని అడిగింది. కాలిపోయేనాటికి ఇల్లు ఆ ఉన్నవాళ్ల చేతిలో లేదన్నది జవాబులో మొదటి సగం. మొదటి ఎర్ల్ 1885లో పోయాడు. కొడుకు కాలంలో గనుల రాబడి పూర్వంలా లేదు, ఖర్చు మాత్రం పూర్వంలాగే ఉంది. ఏడో ఎడ్వర్డ్ యువరాజుగా ఉన్న రోజుల్లో వేటకు వచ్చి దిగిన ఇల్లు ఇది; అలాంటి విందులు చేసిన చేతికి వెనక్కి తగ్గడం అంత సులభం కాదు. 1920లో రెండో ఎర్ల్ దీన్ని కిడర్‌మిన్‌స్టర్ తివాచీల కార్ఖానాల యజమాని సర్ హెర్బర్ట్ స్మిత్‌కు అమ్మేశాడు. కిడర్‌మిన్‌స్టర్ ఇక్కడికి దగ్గరలోనే ఉంది. మేకుల నుంచి బొగ్గుకు, బొగ్గు నుంచి తివాచీలకు చేతులు మారిన ఇల్లు అన్నమాట.

1937 సెప్టెంబరు 7న అగ్ని ప్రమాదం జరిగింది. నేలమాళిగలోని వంటల విభాగం వైపు మొదలైన మంట నడిమి భాగాన్నీ తూర్పు వైపునూ తినేసింది. అయితే పడమటి వైపు చాలావరకు దెబ్బ తినలేదు. బాగు చేయించుకోవడం అసాధ్యం కాదు. స్మిత్ ఆ పని పెట్టుకోలేదు. 1938లో ఎస్టేటును వేలానికి పెట్టాడు. తరువాతి ఏళ్లలో పాత సామాను వ్యాపారుల చేతికి చిక్కిన ఇంటికి జరిగినదే అసలు దహనం. కప్పు మీది సీసం రేకు, నేల పలకలు, మెట్ల కటకటాలు, పొయ్యిగూళ్ల చలువరాళ్లు, తోటలోని విగ్రహాలు, కాలని భాగంలోవి సైతం, ఒక్కొక్కటిగా ఊడబెరికి అమ్ముకున్నారు. సీసం రేకు తీసిన కప్పు ఇంగ్లండు వానలకు ఎన్నాళ్లు ఆగుతుంది? 1972లో ప్రభుత్వం సంరక్షణలోకి తీసుకునేనాటికి గోడలు మిగిలాయి. మన ఊళ్లలో పాడుబడ్డ గడీల నుంచి టేకు దూలాలు ఎలా మాయమయ్యాయో తెలిసినవారికి ఈ కథలో కొత్త ఏమీ ఉండదు. మా అమ్మ అంతా విని, "అయితే నిప్పు కంటే పాతసామానువాళ్లే ఎక్కువ కాల్చారన్నమాట" అని తేల్చేసింది. ప్రవేశద్వారం దగ్గర పలకల మీద రాసిన చరిత్ర చదివినవారిలో చాలామంది అగ్ని ప్రమాదం దగ్గరే ఆగిపోతారు. ఆ తరువాతి ముప్పై అయిదేళ్లను గమనిస్తే గాని, ఈ గోడలు ఇలా ఎందుకున్నాయో తెలియదు.

ఒక మెచ్చుకోలు ఇక్కడే చెప్పాలి. శిథిలాన్ని తిరిగి కట్టి కొత్తగా చూపించాలన్న ఆశకు పోకుండా, పడిపోకుండా మాత్రం నిలబెట్టి, ఎక్కడ నిజమైన పాత గోడ ముగిసిందో, ఎక్కడ ఇప్పటి ఆసరా మొదలైందో తెలిసేలా ఉంచారు. గోడల మీద మొక్కలు మొలవనివ్వకపోవడం కొందరికి మరీ శుభ్రంగా అనిపించవచ్చు. నాకు కూడా మొదటిసారి కొంచెం అలాగే అనిపించింది. కాని పొదలు మొలిస్తే ఆ ఇటుక పొరలు కనిపించవు కదా.

దక్షిణ మంటపం మెట్లు దిగితే తోట. దీన్ని రూపొందించిన విలియం ఆండ్రూస్ నెస్‌ఫీల్డ్ లండన్ క్యూ ఉద్యానానికి కూడా పని చేసినవాడు. విట్లీ తోటను తన "రాక్షస కార్యం" అని చెప్పుకున్నాడట. మధ్యలో పెర్సియస్, ఆండ్రోమెడాల ఫౌంటెన్ ఉంది. శిల్పి జేమ్స్ ఫోర్సైత్. కథ గ్రీకు పురాణంలోది. రాణి తన కూతురి అందం గురించి సముద్రకన్యలను తక్కువ చేస్తూ గొప్పలు చెప్పుకోవడంతో సముద్రదేవుడికి కోపం వచ్చి ఒక జలరాక్షసిని పంపిస్తాడు; దాన్ని శాంతింపజేయడానికి రాకుమారి ఆండ్రోమెడాను బండకు గొలుసులతో కట్టేస్తారు; పెర్సియస్ ఎగిరి వచ్చి ఆ జంతువును పొడుస్తాడు. ఫోర్సైత్ అతన్ని రెక్కల గుర్రం మీద ఎక్కించి, ఆ పొడిచే క్షణాన్ని రాతిలో నిలిపాడు. నోరు తెరిచిన జలరాక్షసిని చూసి మా అమ్మకు గజేంద్రమోక్షం గుర్తొచ్చింది. పోలిక పూర్తిగా కుదరదు గాని, నీళ్లలోంచి లేచే ఆ మెడ వంపును చూస్తే ఆ మాట ఎందుకన్నదో తెలుస్తుంది.

ఫౌంటెన్ నడిచే కాలంలో పగటిపూట గంటకొకసారి కొద్దిసేపు వదులుతారు. గంట కొట్టే వేళకు తోటలో ఎక్కడెక్కడో ఉన్న మనుషులంతా మెల్లగా ఆ కొలను చుట్టూ చేరతారు. మొదట బండల మధ్య నుంచి సన్నని ధారలు మొదలవుతాయి, చేపలూ గవ్వలూ తడుస్తాయి. ఇంతేనా అనుకునేలోపు నడిమి ధార ఒక్కసారిగా పైకి లేస్తుంది. విక్టోరియా రాణి కాలంలో దీన్ని 120 అడుగుల దాకా లేపడానికి 40 అశ్వశక్తి ఆవిరి యంత్రం ఉండేది. ఎత్తున ఉన్న జలాశయంలోకి నీళ్లు తోడి, ఆ పల్లపు ఒత్తిడితో ఇక్కడ ధార లేపేవారు. ఇప్పుడు ఆవిరి యంత్రం లేదు, ధార మాత్రం ఉంది. గాలి మావైపు తిరగడంతో ముందు వరుసలో ఉన్నవాళ్లందరం తడిసిపోయాము. వెళ్లేవారు గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని నిలబడితే మంచిది, పిల్లలుంటే మార్చుకోవడానికి ఒక జత బట్టలు తీసుకువెళ్లాలి. అది ఆగిపోయాక ఒక్కసారిగా వచ్చే నిశ్శబ్దం, కొలనులో నురగ సద్దుమణుగుతున్న చప్పుడు, నాకు ధార కంటే ఎక్కువ నచ్చాయి. తూర్పు తోటలో పూలదేవత ఫ్లోరా పేరిట ఇంకో ఫౌంటెన్ ఉంది. అది చిన్నది, చుట్టూ పూలమడులను పాత నమూనా ప్రకారం తీర్చారు. అయిదు నిమిషాలు చాలు.

బొగ్గు గనులున్న డడ్లీ పట్టణపు బజారులో కూడా ఇదే ఫోర్సైత్ చెక్కిన ఒక ఫౌంటెన్ ఉంది, 1867 నాటిది, ఎర్ల్ పట్టణానికి ఇచ్చినది. వీలైన రోజున దాన్ని కూడా చూస్తే, గనుల్లో పని చేసినవారి వాటాకు ఎంత నీరు వచ్చిందో, వారి చెమటతో వచ్చిన డబ్బు ఇక్కడ ఎంత ఎత్తుకు లేచిందో పోల్చుకోవచ్చు.

ఇక చర్చి. భవనానికి ఆనుకునే ఉన్నా ఇది ఇంగ్లీష్ హెరిటేజ్‌ది కాదు, ఇప్పటికీ ఊరివారు ప్రార్థన చేసుకునే చర్చి. టిక్కెట్టు లేదు, హుండీ ఉంటుంది. భవనం చూసి అలసిపోయి దీన్ని వదిలేసి వెళ్లిపోయే కుటుంబాలను రెండుసార్లూ చూశాను. ఇంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉండదు. బయటి నుంచి చూస్తే పెద్ద విశేషమేమీ లేని కట్టడం, 1735లో ప్రతిష్ఠ జరిగింది. తలుపు తోసి లోపలికి వెళితే తెలుపూ బంగారమూ తప్ప మరో రంగు కనిపించని గోడలు, తల మీద ఇటలీ చిత్రకారుడు ఆంటోనియో బెల్లూచీ గీసిన పెద్ద చిత్రాలు, పక్కల పది రంగు కిటికీలు. ఇంగ్లండు పల్లెలో ఇటలీ చర్చి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు మరో భవంతి చావులో ఉంది.

లండన్‌కు వాయవ్యాన ఎడ్జ్‌వేర్ దగ్గర చాందోస్ ప్రభువు జేమ్స్ బ్రిడ్జెస్ కానన్స్ అనే భవంతి కట్టాడు. సైన్యానికి జీతాలు పంచే కొలువులో సంపాదించిన డబ్బు అది. జర్మనీలో పుట్టిన సంగీతకర్త హాండెల్ 1717, 1718 సంవత్సరాలలో ఆయన ఆశ్రయంలో ఉన్నాడు. సౌత్ సీ అనే వర్తక కంపెనీ వాటాల ధర కుప్పకూలినప్పుడు ప్రభువు బాగా నష్టపోయాడు. 1744లో ఆయన చనిపోయాక వారసుడు ఇల్లు నిలుపుకోలేక 1747లో గోడలతో సహా వేలం వేశాడు. ఆ వేలంలో ప్రార్థనా మందిరపు కప్పు చిత్రాలు, కిటికీలు, ఆర్గన్ అనే వాద్యం చెక్క చట్రం రెండో లార్డ్ ఫోలీ కొని ఇక్కడికి తెచ్చి బిగించాడు. కప్పు మీది సున్నపు అచ్చుపోత పూలను మాత్రం ఊడదీసి తేలేరు కదా. వాటికి అచ్చులు తీసి కాగితపు గుజ్జుతో పోసి బంగారు పూత పూశారు. కింద నిలబడి చూస్తే అది సున్నమో కాగితమో ఎవరూ చెప్పలేరు. మా అమ్మ మాత్రం కాగితమని చెప్పగానే నవ్వింది. పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి రుబ్బి చాటలకూ గంపలకూ పట్టించిన చేయి ఆవిడది. "మెంతులు వేశారో లేదో, పురుగు పట్టదూ?" అని పైకి చూస్తూ ఉండిపోయింది.

కిటికీల దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. మామూలు చర్చి కిటికీల్లో రంగు అద్దపు ముక్కలను సీసపు పట్టీలతో అతికి బొమ్మ కూర్చుతారు. ఇవి అలా కావు. చదరపు అద్దపు పలకల మీద మీనా రంగులతో చిత్రం గీసి కాల్చారు. అందువల్ల తైలవర్ణ చిత్రం వెనక దీపం పెట్టినట్టు కనిపిస్తాయి. ఫ్రాన్సెస్కో స్లేటర్ గీసిన నమూనాల మీద జాషువా ప్రైస్ వీటిని 1719 నుంచి 1721 వరకు తయారు చేశాడు. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ పడినప్పుడు ఎరుపు రంగు దుస్తుల మడతలు నేల మీద పరుచుకుంటాయి. ఆర్గన్‌ను హాండెల్ వాయించాడని స్థానికంగా గర్వంగా చెప్పుకుంటారు. కానన్స్ ప్రార్థనా మందిరం పూర్తయింది 1720లో, ఆయన అక్కడ గడిపిన ప్రధాన కాలం అంతకు ముందే. కనుక ఆ మాటను నేను కొంత తగ్గించి తీసుకుంటాను. చర్చి పక్క భాగంలో మొదటి లార్డ్ ఫోలీ కుటుంబానికి రిస్‌బ్రాక్ అనే శిల్పి చెక్కిన చలువరాతి స్మారకం ఉంది. చాలా పెద్దది, ప్రార్థన చేసుకునేవారి కంటే చనిపోయినవారికే ఎక్కువ చోటు కేటాయించినట్టు ఉంది. నాకు అంతగా నచ్చలేదు.

పక్క ఇల్లు తగలబడిన రాత్రి ఈ చర్చికి ఏమీ కాలేదు. కానన్స్ గోడలు మిగల్లేదు గాని దాని కప్పు ఇక్కడ ఉంది. విట్లీ గోడలు మిగిలాయి గాని కప్పు లేదు. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకుని చూసే అవకాశం ఇంకో చోట దొరుకుతుందని నేను అనుకోను. టిక్కెట్టు ధర నాకు ఇక్కడ గిట్టుబాటైంది, అదీ టిక్కెట్టు లేని భాగంలో.

ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. రాజుల మంచాలు, పింగాణీ, పాత దుస్తులు చూడాలని వెళ్లేవారికి ఇక్కడ ఏమీ లేదు. వారు అమర్చిపెట్టిన భవంతులకే వెళ్లాలి. వాన రోజున తల దాచుకునే చోటు తక్కువ, అక్టోబరులో మేము చేసిన ప్రదక్షిణం అంతా గొడుగు కిందే సాగింది, ఇటుక పొరలు చూడాలన్న ఆశకు కూడా ఓపిక చాలలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారు ఉత్తర ముఖం దాకా, తోటలో చాలా భాగం దాకా సౌకర్యంగానే వెళ్లగలరు గాని మెట్లు ఉన్నచోట ఇబ్బంది తప్పదు. పదేళ్ల లోపు పిల్లలకు గదుల చరిత్ర ఎక్కదు, ఫౌంటెనూ మైదానమూ చాలు. వారికోసం పెద్దలు చరిత్రను సగంలో ఆపవలసి ఉంటుంది. మధ్యాహ్న భోజనానికి పులిహోర కట్టుకెళ్లి చెరువు గట్టున తిన్నాము. ఆ పని అందరూ చేయవచ్చు. కనీసం మూడు గంటలు కేటాయించాలి, నాలుగైతే మేలు.

చూసే వరుస విషయంలో ఒక మాట. మేము మొదటిసారి భవనం, తోట, చర్చి అన్న వరుసలో చూశాము, చర్చికి వచ్చేసరికి వెలుతురు తగ్గిపోయింది. రెండోసారి మధ్యాహ్నం ఫౌంటెన్ చూసి, వెంటనే చర్చికి వెళ్లి, కళ్ల నిండా ఆ బంగారు కప్పు నింపుకుని, అప్పుడు శిథిలంలోకి అడుగుపెట్టాము. పై అంతస్తు పొయ్యిగూడు దగ్గర వేలాడుతున్న అచ్చుపోత పూల ముక్కను మా అమ్మ వేలెత్తి చూపించి, "అక్కడ కాగితంతో చేసినవి ఉన్నాయి, ఇక్కడ సున్నంతో చేసినవి పోయాయి" అంది. సాయంత్రం చివరి ధార వదిలేసరికి మేము మంటపం మెట్ల మీద కూర్చున్నాము. ఈసారి గాలి అటువైపు వీచింది, మా మీద ఒక్క చుక్క కూడా పడలేదు.